రెండిళ్లకు ఒకటే పన్ను

మా ఇంటి పన్ను కాగితం ఏటా ఎండలు ముదిరే ముందు వచ్చేది. పంచాయతీ మనిషి దాన్ని మా గుమ్మంలో ఇచ్చి సైకిలెక్కి వెళ్లిపోయేవాడు. మా అత్తగారు కళ్లజోడు తుడుచుకుని కాగితం ఒకసారి పైనుంచి కిందకు చూసి, చెప్పులేసుకుని పక్కింటికి వెళ్లేవారు. కాసేపటికి అక్కడి నుంచి గొడవ వినిపించేది.

"పోయినేడు మీరే కట్టారు. ఈసారి మాది."

"అదేంటత్తయ్యా, పోయినేడు కట్టింది మీరు కదా. మీ పెద్దబాబు వెళ్లి కట్టొచ్చాడు, నేను చూశాను."

"వాడెళ్లాడు గానీ డబ్బులు మీవి."

నేను కాపురానికొచ్చిన కొత్తలో ఆ గొడవ విని భయపడ్డాను. ఇరుగుపొరుగుకి పడదేమో అనుకున్నాను. తర్వాత అర్థమైంది, ఇద్దరూ పోట్లాడుకునేది ఈసారి వంతు మాదంటే మాదని. ఎవరు నెగ్గితే వాళ్లు పన్ను కట్టేవాళ్లు. ఓడినవాళ్లు సాయంత్రం ఏదో ఒకటి వండి పంపేవాళ్లు.

గూడూరు నుంచి బందరు వెళ్లే దారిలో కాలువ దాటి లోపలికి వస్తే మా ఊరు. మాది పొడుగాటి పెంకుటిల్లు. దాన్ని నడిమధ్యలో ఒక గోడ రెండు చేస్తుంది. ఎడమవైపు మేము, కుడివైపు ఒక ముస్లిం కుటుంబం. ఆయన బందర్లో బజారు వెనక సందులో బట్టలు కుడతారు. ఆవిడ ఇంట్లో కూర్చుని హుక్కులు, కాజాలు కుడుతుంది. మావారు ఆయన్ని అన్నయ్య అంటారు కాబట్టి నాకు బావగారయ్యారు. ఆవిడ నాకు అక్క. మా ఇంట్లో ఆవకాయ పెట్టిన రోజు వాళ్లింట్లోనూ ఆవకాయే. వాళ్లింట్లో సేమియా పాయసం కాచిన రోజు మా గిన్నెలు ముందు రోజే వాళ్లింటికి చేరేవి.

ఈ ఇల్లు ఇలా రెండైన కథ మా అత్తగారే చెప్పారు. బావగారి నాన్నగారిది దివిసీమ. ఒక తుఫానుకి ఆయన ఇల్లూ, కుట్టు మిషనూ, పెంచుకున్న రెండు మేకలూ పోయాయి. పెళ్లాంబిడ్డల్ని తీసుకుని బందరు వచ్చి పని వెతుక్కుంటూ మా ఊరు చేరారు. అప్పటికి మావారు ఉయ్యాల్లో ఉన్నారట. మా అత్తగారి మామగారు, అంటే ఈ ఇల్లు కట్టించిన పెద్దాయన, ముందు వాళ్లకి కుడివైపు రెండు గదులు ఉండటానికిచ్చారు. తర్వాత ఆ సగం వాళ్లకే అమ్మేశారు. వాళ్లు పంట పంటకీ కొంత ఇచ్చి బాకీ తీర్చుకున్నారు. ఆ ఆఖరి మొత్తం చేతిలో పెట్టిన రోజున పెద్దాయన గోడ కట్టించి, "ఇవాళ్టి నుంచి అది మీ ఇల్లు" అన్నారట. అంతే. కాగితం రాసుకోలేదు. రాసుకోవాలని ఇద్దరికీ తోచలేదో, రేపు చూద్దాం అనుకున్నారో తెలియదు. ఇద్దరూ పోయారు. పంచాయతీ లెక్కలో మాత్రం అది ఒకే ఇల్లు, ఒకే నంబరు. పన్ను కాగితం మీద ఇప్పటికీ ఆ పెద్దాయన పేరే.

నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. గుడ్లవల్లేరు వైపు బస్సెక్కి వెళ్లి వస్తాను. పంచాయతీ ఆదాయ మార్గాలు అనే పాఠం ఏటా చెబుతాను. మొదటిది ఇంటి పన్ను అని పిల్లల చేత గట్టిగా అనిపిస్తాను. కానీ మా ఇంటి పన్ను ఎలా కడతారో, దేని మీద లెక్క వేస్తారో ఏనాడూ ఆలోచించలేదు. అది అత్తగారి శాఖ.

రెండేళ్ల క్రితం మా ఊళ్లో ఇళ్ల సర్వే జరిగింది. ఒక రోజు పొద్దున్నే డ్రోను ఊరి మీద తిరిగింది. ఆడవాళ్లం వాకిళ్లలో నిలబడి పైకి చూశాం. అత్తగారు ఆరేసిన వడియాల మీద చీర కప్పారు, ఫొటోలో పడతాయని. కొన్ని వారాల తర్వాత పంచాయతీ కార్యదర్శిగా గుడివాడ నుంచి వచ్చే ఒక అమ్మాయి చేతిలో ట్యాబు పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. మా ఇంటి వైపు చూసింది. పక్కింటి వైపు చూసింది. మళ్లీ ట్యాబు చూసుకుంది.

"అండీ, ఇక్కడ ఒకటే నంబరుంది. ఇళ్లు రెండున్నాయి కదా?"

"రెండే. మేమొకటి, వాళ్లొకటి" అన్నారు అత్తగారు.

"కరెంటు మీటర్లు?"

"రెండు."

"వంటిళ్లు?"

"వంటిళ్లు రెండు లేకపోతే ఎలా తల్లీ, వాళ్ల వంట వాళ్లది, మా వంట మాది."

ఆ అమ్మాయి నవ్వింది. రెండిళ్లకు రెండు నంబర్లు ఇవ్వాలని, ఎవరి ఇంటికి వాళ్ల పేరు మీద పన్ను వేయాలని, అందుకు కాగితాలు పట్టుకుని ఊళ్లోని సచివాలయానికి రమ్మని చెప్పి వెళ్లింది.

ఆ శనివారం నేను వెళ్లాను. అత్తగారి మోకాళ్లు బాగోలేవు, మావారికి బందర్లో ఆఫీసు. కార్యదర్శి కుర్చీ చూపించింది. నేను పంతులమ్మనని తెలుసుకుని మరింత మర్యాదగా మాట్లాడింది. నేను మాత్రం మొదటి బెంచీలో కూర్చున్న పిల్లలాగే అన్నీ అడిగాను. దేని మీద పన్ను వేస్తారు, ఎలా వేస్తారు అని.

"స్థలానికి ఒక విలువండి, దాని మీద కట్టిన దానికి ఒక విలువ. రెండూ కలిపి దాని మీద పన్ను. పెంకుటింటికి ఒక లెక్క, శ్లాబుకి ఒక లెక్క. పాత కట్టడమైతే తరుగు తీస్తాం. మీది పాత పెంకుటిల్లు కాబట్టి కట్టడం విలువ తక్కువే. స్థలం విలువే ఎక్కువ."

"అయితే రెండు చేస్తే పన్ను పెరుగుతుందా?"

"కొంచెం పెరగొచ్చండి. ఇన్నాళ్లూ పక్కింటి వాళ్లు వెనక వేసుకున్న రేకుల గది లెక్కలోకి రాలేదు. నీళ్ల కొళాయిలు రెండు కాబట్టి నీటి పన్ను రెండు." ఆవిడ ట్యాబు పక్కన పెట్టింది. "అది పెద్ద విషయం కాదండీ. పక్కింటి వాళ్ల దగ్గర దస్తావేజు ఉందా?"

లేదన్నాను. జరిగింది చెప్పాను. ఆ అమ్మాయి మళ్లీ ట్యాబు అందుకుని మా నంబరు చూసింది.

"మరి రికార్డు ప్రకారం మొత్తం మీదే అవుతుంది కదండీ."

"పన్ను వాళ్లూ కట్టారు. ఒక ఏడు మేము, ఒక ఏడు వాళ్లు."

"రసీదు పెద్దాయన పేరు మీదే ఉంటుంది. అయినా పన్ను రసీదు ఉన్నంత మాత్రాన ఇల్లు ఎవరిదీ అయిపోదండీ. మాకు పన్ను కట్టే మనిషి కావాలి, అంతే. ఇల్లెవరిదో తేల్చేది మేము కాదు. మీ కుటుంబంలో హక్కున్న వాళ్లంతా కలిసి వాళ్లకి రిజిస్టరు చేసి ఇవ్వండి. ఆ కాగితం తెస్తే మర్నాడే నంబరు ఇచ్చేస్తాను."

నడుచుకుంటూ ఇంటికొచ్చాను. ఇన్నేళ్లూ పక్కింటి వాళ్లు ఎంత నమ్మకంతో ఆ గోడ అవతల పడుకున్నారో అప్పుడు తట్టింది. మేము కాదంటే వాళ్ల చేతిలో ఏమీ లేదు.

మామగారు లేరు కాబట్టి హక్కున్న వాళ్లంటే అత్తగారు, మావారు, మా మరిది. మరిది గుడివాడలో ఎరువుల కొట్టు నడుపుతాడు. మాటకారి, సరదా మనిషి. ఆ సాయంత్రం అత్తగారు అరుగు మీద కూర్చుని అతనికి ఫోన్ చేశారు. చెవికి సరిగ్గా వినపడదని స్పీకరు పెట్టి మాట్లాడతారు. విషయం విన్నాక అతను కాసేపు ఊ కొట్టి అన్నాడు:

"అమ్మా, తొందరెందుకు? పోర్టు పనులొచ్చాక బందరు చుట్టుపక్కల స్థలాలకి ఎలా రేట్లు పెరిగాయో తెలుసా నీకు? కాగితం లేదంటున్నావు. పన్ను తాతయ్య పేరు మీదుంది. ఆలోచించి చేద్దాం."

"ఆలోచించడానికేముందిరా? అది వాళ్లిల్లు."

"వాళ్లని వెళ్లిపొమ్మంటున్నానా? ఉండమను. రాసివ్వడం ఎందుకంటున్నాను, అంతే."

అత్తగారు ఫోన్ పెట్టేసి, "పన్ను కాగితం చూసుకుని ఇల్లు నాదంటే, కరెంటు బిల్లు చూసుకుని వీధిలో స్తంభం నాదన్నట్టుంది" అని గొణిగారు. ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు.

మా గోడ పైకప్పు దాకా లేదు. పెంకుల కింద జానెడు సందు ఉంటుంది. అటు దగ్గితే ఇటు వినపడుతుంది. స్పీకరు ఫోను సంగతి చెప్పక్కర్లేదు. మర్నాడు పొద్దున్నే బావగారు వచ్చారు. లోపలికి రమ్మన్నా రాలేదు. అరుగు మెట్టు మీద నిలబడి, మెడలో వేలాడుతున్న టేపు వేళ్లకి చుట్టుకుంటూ మాట్లాడారు.

"పిన్నిగారూ, నా మాట వినండి. ఎప్పుడూ ఎలా ఉందో అలాగే ఉండనివ్వండి. నంబరు ఒకటే ఉంటే మాకు తక్కువైందేముంది? నా మూలంగా మీ ఇంట్లో అన్నదమ్ముల మధ్య మాట రాకూడదు."

అత్తగారికి ఆయన మీదే కోపం వచ్చింది.

"నువ్వు ఊరుకో నాయనా. నీ మంచితనం నీ దగ్గరుంచుకో. నేనుండగా కాకపోతే తర్వాత ఎవరు చెబుతారు? ఆ రోజు మీ నాన్న డబ్బులిచ్చినప్పుడు ఈ గుమ్మంలో నిలబడి చూసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను."

ఆయన తలూపి వెళ్లిపోయారు. బందరు బస్సు ఆ రోజు ఆయనకి తప్పిపోయింది.

అత్తగారు మరిదికి మళ్లీ ఫోన్ చేసి సంతకం గురించి ఒక్క మాటా ఎత్తకుండా, "ఆదివారం కొలతలకి వస్తున్నారు, టేపు పట్టుకోవడానికి మగమనిషి కావాలి, నువ్వు రా" అన్నారు. మావారికి అప్పటికి భుజం నొప్పి ఉన్నమాట నిజమే గానీ టేపు పట్టుకోలేనంత కాదు. ఆయన మాత్రం పెదవి విప్పలేదు.

ఆదివారం మరిది మోటారు సైకిలు మీద వచ్చాడు. కార్యదర్శి, ఆమెతో పాటు సర్వే చూసే అతనూ వచ్చారు. ముందు మా వైపు కొలిచారు. తర్వాత పక్కింటికి వెళ్లాం. మరిది టేపు కొస పట్టుకుని ముందు నడిచాడు. గడప దగ్గర ఆగి, తల వంచి లోపలికి వెళ్లాడు. చిన్నప్పుడు పగలంతా అక్కడే ఉండేవాడట. పెళ్లై గుడివాడ వెళ్లాక పండగలకి వాకిట్లో నిలబడి పలకరించడమే తప్ప లోపలికి వెళ్లలేదు.

లోపల గదులు శుభ్రంగా, ఇరుగ్గా ఉన్నాయి. మంచం మీద మడతపెట్టిన జాకెట్లు, వాటి పక్కన హుక్కుల డబ్బా. మరిది టేపు గోడకి ఆనించి పట్టుకున్నాడు. అక్క వంటింట్లోంచి వచ్చి అతన్ని ఎగాదిగా చూసింది.

"తమ్ముడూ, ఇంకా కాకరకాయ తినవా?"

అతను తెల్లబోయి, వెంటనే నవ్వేశాడు. "తినను వదినా. మా ఆవిడ తిడుతుంది, అయినా తినను."

"మీ అమ్మ కాకరకాయ చేసిన రోజల్లా మా అత్త నీకోసం కోడిగుడ్డు దాచేది. నేను కొత్తగా వచ్చినప్పుడు ఇతనెవరు, మా ఇంటి పిల్లాడా, పక్కింటి పిల్లాడా అని నాకు చాన్నాళ్లు తెలియలేదు."

సర్వే అతను కొలతలు చెబుతున్నాడు, కార్యదర్శి ట్యాబులో కొడుతోంది. అన్నీ అయ్యాక ఆ అమ్మాయి వాకిట్లోకి వచ్చి అత్తగారిని అడిగింది.

"అమ్మా, సగం సగం అన్నారు కదా. ఎక్కడికి సగం?"

"నడిమి దూలానికి సూటిగా ముందు నుంచి వెనక దొడ్డి గోడ దాకా. ఇటు మాకు, అటు వాళ్లకి."

"ముందు వైపు సరిగ్గానే ఉందండీ. వెనక వైపు తేడా వస్తోంది. మీ వంటిల్లు ఆ గీత దాటి అటు పోయింది. దాదాపు మొత్తం అటువైపే ఉంది."

మరిది ట్యాబు మీదకి వంగి చూశాడు. నిజమే. మా ఇల్లు వెనక్కి వెళ్లాక కుడివైపుకి తిరుగుతుంది. ఆ తిరిగిన ముక్క మా వంటిల్లు. నేను ఇన్నేళ్లుగా పొద్దున్నే లేచి కాఫీ కాచే చోటు. బావగారు నేల చూపులు చూస్తున్నారు.

"అన్నయ్యా, నీకిది తెలుసా?" అని మరిది అడిగాడు.

"ఎప్పటిదో లేవయ్యా. ఇప్పుడెందుకది" అన్నారాయన.

అత్తగారు అరుగు మీద నుంచే చెప్పారు. "నాకు తెలుసు. ఆ వంటిల్లు వాళ్ల స్థలంలోదే. నువ్వు కడుపులో ఉన్నప్పుడు పాత వంటిల్లు వానకి కూలింది. మా వైపు కట్టుకుందామంటే బావి అడ్డం. వానలో దొడ్లో పొయ్యి పెట్టుకుని ఏడుస్తూ వండుతుంటే వీళ్లమ్మ చూసింది. 'ఇటు జరుపుకో చెల్లీ, మాకంత దొడ్డి ఎందుకు' అంది. వంటింటి గోడ కట్టేటప్పుడు ఆవిడే ఇటుకలందించింది. ఒక్క రూపాయి అడగలేదు, ఒక్కసారి మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆవిడ పోయాక వీళ్లూ ఎత్తలేదు."

నా కళ్లు వంటింటి వైపు వెళ్లాయి. అక్క నా పక్కన నిలబడి ఉంది. "నీకు కూడా తెలుసా అక్కా?" అన్నాను. "మా అత్త చెప్పింది" అని, నా చేయి పట్టుకుంది. "వంటిల్లు ఎవరి స్థలంలో ఉంటే ఏంటి చెల్లీ, నువ్వు చేసే పులుసు మా ఇంటికే వస్తుంది కదా."

మరిది టేపు చుట్టేసి సర్వే అతని చేతికిచ్చాడు. బావి గట్టు మీద కూర్చుని చాలాసేపు ఫోను చూస్తున్నట్టు నటించాడు. నాకతని మీద కోపం రాలేదు. మనిషికి చెడ్డ ఆలోచన ఒకటి రావడం వేరు, చెడ్డవాడవడం వేరు. భోజనానికి పిలిస్తే, "వదినా, నేను ఆ ఇంట్లో తింటాను" అని అక్క వాళ్లింటికి వెళ్లాడు. తిరిగొచ్చి వాళ్లమ్మ దగ్గర కూర్చున్నాడు.

"రిజిస్ట్రారు ఆఫీసు ఏ రోజు ఖాళీగా ఉంటుందో కనుక్కుంటాను. కొట్టు ఆ రోజు కుర్రాళ్లు చూసుకుంటారు."

"మంచిది" అన్నారు అత్తగారు. మామూలుగా ఆవిడ ఒక మాటతో ఊరుకునే మనిషి కాదు.

దస్తావేజు రాసేవాడి దగ్గరికి అందరం కలిసి బందరు వెళ్లాం. వంటిల్లు ఉన్నచోటు మాకే ఉంచి, దానికి బదులు ముందు వాకిట్లో అంత జాగా వాళ్లకి ఇచ్చేలా రాయించాం. ఆ మాట మరిదిదే. బావగారు వద్దన్నారు. "నువ్వు ఊరుకో అన్నయ్యా" అని అచ్చం వాళ్లమ్మలాగే కసిరాడు. కొనేవారి పేరు చెప్పమన్నప్పుడు బావగారు తన పేరు చెప్పలేదు, అక్క పేరు చెప్పారు. అక్క గబుక్కున తలెత్తి చూసింది. ఉర్దూలో ఏదో అంది. ఆయన తెలుగులో జవాబిచ్చారు, మా అందరికీ వినపడేలా.

"నేను పొద్దున పోయి చీకటి పడ్డాక వస్తాను. ఇంట్లో ఉండేది నువ్వు. ఇల్లు నీ పేరు మీద కాక ఇంకెవరి పేరు మీద ఉండాలి?"

రిజిస్ట్రారు ఆఫీసులో మావి అందరివీ ఫొటోలు తీశారు, వేలిముద్రలు తీసుకున్నారు. మావారివి, మరిదివి వెంటనే పడ్డాయి. అత్తగారి వంతు వచ్చేసరికి మిషను ఎర్రదీపం చూపించింది. బొటనవేలు తుడిచి పెట్టారు, పడలేదు. చూపుడు వేలు పెట్టారు, పడలేదు. ఇన్నేళ్ల అంట్లూ, పిడకలూ, రుబ్బురోలూ గీతల్ని అరగదీసేశాయి. "కాసేపు కూర్చోండమ్మా, మళ్లీ చూద్దాం" అన్నాడు గుమాస్తా. తర్వాత అక్కని పిలిచాడు. సూది గుచ్చుకుని గుచ్చుకుని గట్టిపడిన వేళ్లు. అవీ పడలేదు.

ఇద్దరూ బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. ఎవరో చెప్పారని నేను బయట కొట్లో కొబ్బరినూనె పొట్లం కొనుక్కొచ్చాను. అక్క ముందు అత్తగారి వేళ్లకి రాసి మెల్లగా మర్దనా చేసింది. తర్వాత అత్తగారు ఆవిడ వేళ్లకి రాశారు.

"ఇల్లు అమ్మేదానికీ ముద్ర లేదు, కొనేదానికీ లేదు. ఈ మిషను మన ఇద్దర్నీ దొంగలనుకుంటోంది" అన్నారు అత్తగారు. అక్క చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు ఆపుకోలేక అటూ ఇటూ ఊగింది. వరసలో ఉన్న వాళ్లు కూడా నవ్వారు. మధ్యాహ్నం దాటాక, వేళ్లన్నీ మార్చి మార్చి పెట్టగా, అత్తగారిది ఎడమచేతి ఉంగరం వేలు పడింది. అక్కది చిటికెన వేలు పడింది. మరిది అందరికీ బందరు హల్వా కొనిపెట్టి, బస్సెక్కించి, తను గుడివాడ వెళ్లిపోయాడు.

ఆ తర్వాత వేసవిలో రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి మా అత్తగారి పేరు మీద, ఒకటి అక్క పేరు మీద. అత్తగారు అలవాటు ప్రకారం కాగితం పట్టుకుని పక్కింటికి వెళ్లారు. ఈసారి గొడవ వినిపించలేదు. వచ్చి కుర్చీలో కూర్చుని, "ఎవరిది వాళ్లే కట్టుకోవడం బాగానే ఉంది గానీ, కొంచెం చప్పగా ఉందే" అన్నారు. నాకూ అలాగే అనిపించింది.

అక్కకి మాత్రం ఆ కాగితం చప్పగా లేదు. రసీదుని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుంది. అందులో ప్రతి వరసా నా చేత చదివించుకుంది. ఇది ఇంటికి, ఇది నీళ్లకి, ఇది వీధి దీపాలకి, ఇది మురుగు కాలవలకి అని నేను చెబుతుంటే చివరి దాని దగ్గర ఆపింది.

"మురుగు కాలవకి కడుతున్నామా? మన ముందు కాలవేదీ?"

నిజంగానే లేదు. రెండు చినుకులు పడితే మా రెండిళ్ల ముందూ నీళ్లు నిలబడతాయి. ఇటుకలు వేసుకుని నడుస్తాం. నేను పిల్లలకి హక్కులూ బాధ్యతలూ పాఠం చెప్పి, సాయంత్రం ఆ ఇటుకల మీద నుంచే ఇంట్లోకి వచ్చేదాన్ని. అడగాలని నాకు తోచలేదు.

తర్వాతి గ్రామసభకి అక్క వెళ్తానంది. ఒక్కదాన్నే వెళ్లలేనని అత్తగారిని, నన్ను వెంటబెట్టుకుంది. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. మగవాళ్లు ముందు కుర్చీల్లో, ఆడవాళ్లం వెనక. రోడ్లూ పింఛన్లూ అన్నీ అయ్యాక ఇంకెవరైనా మాట్లాడతారా అన్నారు. అక్క లేచింది. చెంగు సర్దుకుంటూ నిలబడిపోయింది. అత్తగారు వెనక నుంచి నడుం మీద ఒక్కటి పొడిచారు.

"అండీ, నేను ఇంటి పన్ను కట్టే మనిషిని. నా పేరు మీదే కట్టాను. మురుగు కాలవకని అందులో రాశారు. మా వీధిలో కాలవ లేదు. వానొస్తే నీళ్లు గుమ్మంలోకి వస్తున్నాయి. ఏం చేస్తారో చెప్పండి."

ఒకరిద్దరు వెనక్కి తిరిగి చూశారు. కార్యదర్శి అమ్మాయి రాసుకుంది. సర్పంచి, "చూద్దామమ్మా, ఎస్టిమేటు వేయిస్తాం" అన్నారు. అక్క కూర్చుంటూ నన్ను అడిగింది, "బాగా మాట్లాడానా చెల్లీ?"

కాలవ వెంటనే రాలేదు. అక్క రెండో సభలోనూ అడిగింది, మూడో సభలోనూ అడిగింది. పోయిన నెల మా వీధి మొదట్లో తవ్వకం మొదలైంది. పనివాళ్లు సగం దాకా వచ్చి సిమెంటు కోసం ఆగారు. మా గుమ్మాల ముందు ఇప్పుడు ఒక గొయ్యి ఉంది, దాని మీద ఒక చెక్క వేశాం. అత్తగారిని అది దాటించాలంటే ఇటు నేను, అటు అక్క చెయ్యి పట్టుకోవాలి. దాటుతూ ఆవిడ ప్రతిసారీ పనివాళ్లని నాలుగు తిడతారు. అక్క మాత్రం రోజూ పొద్దున్నే వాకిట్లోకి వచ్చి, ఆ గొయ్యి ఎంత లోతుగా తవ్వారో తొంగి చూసుకుని లోపలికి వెళ్తుంది.